చంద్రగిరిలో స్థిరపడాలనుకుంటున్నాం: కోట కనిపించే ఇల్లు కొనవచ్చా?

ప్రశ్న: కాణిపాకం దారి

నమస్కారం. మా పుట్టిల్లు, అత్తవారిల్లు రెండూ చిత్తూరు దగ్గరే అయినా పదిహేడేళ్ళుగా బెంగళూరులోనే కాపురం ఉంటున్నాం. ఇప్పుడు నాకు ఇంటి నుంచి పనిచేసుకునే వీలు వచ్చింది, మా వారు నెలకు రెండుసార్లు ఆఫీసులో కనిపిస్తే చాలంటున్నారు. మామగారికి 74 ఏళ్ళు, మూడేళ్ళ కిందట గుండెకు స్టెంటు వేశారు. పాప ఎనిమిదో తరగతి చదువుతోంది. తిరుపతి ఊరి నడిబొడ్డున ఉండే ఓపిక మాకు లేదు, అలాగని మరీ పల్లెకు వెళ్ళలేము. అందుకని రెండు నెలలుగా శని, ఆదివారాలు వచ్చి చంద్రగిరిలో ఇళ్ళు చూస్తున్నాం.

రెండు ఇళ్ళు మనసుకు నచ్చాయి. మొదటిది పాత ఊళ్ళో, కోటకు దగ్గరగా, 80 అంకణాల స్థలంలో 2004లో కట్టిన డాబా. పైన ఇంకో అంతస్తు వేసుకోవచ్చని మధ్యవర్తి చెబుతున్నాడు. రెండవది శ్రీనివాస మంగాపురం వైపు గేటెడ్ కాలనీలో కొత్త విల్లా, ధర దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. నిజం చెప్పాలంటే మనసు మొదటిదాని మీదే ఉంది. మిద్దె మీదికి ఎక్కితే చెట్ల మీదుగా రాజమహలు శిఖరాలు, వెనక కొండ కనిపిస్తాయి. చూడటానికి వెళ్ళిన రోజు సాయంత్రపు ఎండ ఆ కొండ మీద పడుతుంటే మామగారు కుర్చీ వేయించుకుని అరగంట సేపు లేవలేదు. "ఈ మహల్లోనే మేడం, 1639లో మద్రాసును ఇంగ్లీషు వాళ్ళకు రాసిచ్చింది, అలాంటి ఊళ్ళో ఇల్లు మళ్ళీ దొరకదు" అని మధ్యవర్తి ఒకటికి నాలుగుసార్లు అన్నాడు.

కొనే ముందు ఇక్కడ ఉంటున్నవారి మాట వినాలని రాస్తున్నాను. కాగితాల్లో ఏం చూడాలి, నీళ్ళు ఎలా ఉంటాయి, పెద్దవారికి రాత్రిపూట ఏదైనా అయితే ఎంతసేపట్లో ఆసుపత్రి చేరగలం, పాత ఊరు కొత్తవారిని కలుపుకుంటుందా? దయచేసి ఉన్నదున్నట్టు చెప్పండి.

జవాబు: గొలుసు పట్టిన చెయ్యి

అమ్మా, ముప్పై ఏళ్ళకు పైగా ఈ జిల్లాలోనే సర్వే పని చేసి పదవీ విరమణ పొందినవాడిని. మీరు రాసిన వాక్యాల్లో నన్ను ఉలిక్కిపడేలా చేసింది "మిద్దె మీద నుంచి మహలు కనిపిస్తుంది" అన్న ముక్క. ఏ ఇంటి నుంచి కోట బాగా కనిపిస్తుందో ఆ ఇంటి మీద ఇంకో ఇటుక పెట్టడమే కష్టం. ఈ సంగతి మధ్యవర్తికి తెలియకుండా ఉండదు.

చంద్రగిరి కోట కేంద్ర ప్రభుత్వ రక్షణలో ఉన్న కట్టడం. 2010లో సవరించిన పురాతన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత ప్రాంతపు హద్దు నుంచి అన్ని వైపులా 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, అక్కడి నుంచి మరో 200 మీటర్ల వరకు నియంత్రిత ప్రాంతం. చాలామంది పొరబడేది ఈ కొలత దగ్గరే. మహలు గోడ నుంచి టేపు పట్టుకుని "మా ఇల్లు 250 మీటర్లు దాటింది" అంటారు, కానీ కొలవాల్సింది మహలు నుంచి కాదు, రక్షిత ప్రాంతపు హద్దు నుంచి. ఆ హద్దు ఎక్కడుందో పురావస్తు శాఖ పటంలో చూసి, మీ సర్వే నంబరు మీద గీయించుకోవాలి. నిషిద్ధ ప్రాంతంలో కొత్త నిర్మాణం అన్న మాటే లేదు. 1992 జూన్ 16కు ముందు నుంచి ఉన్న ఇళ్ళకు, ఆ తరువాత కట్టినా పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్ ఆమోదంతో కట్టిన ఇళ్ళకు మాత్రమే మరమ్మతులకు అనుమతి అడిగే వీలుంది. మీరు చూసిన డాబా 2004 నాటిదని రాశారు. అది ఆ వంద మీటర్ల లోపల, ఆమోదం లేకుండా కట్టినదైతే, పై అంతస్తు సంగతి అటుంచి, కింద ఉన్న ఇంటికే దిక్కు లేదు. నియంత్రిత ప్రాంతంలో కట్టుకోవచ్చు గానీ నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీ అనుమతి చేతికి వచ్చాకే పునాది తీయాలి. అతిక్రమిస్తే రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ వేయవచ్చని చట్టంలో రాసి ఉంది. మంగాపురం గుడి కూడా ఇలాగే రక్షిత కట్టడం కాబట్టి, రెండవ ఇల్లు గుడికి ఎంత దూరంలో ఉందో కూడా కొలిపించండి.

ఇక అంకణం. తిరుపతి వైపు అంకణమంటే ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, అంటే 36 చదరపు అడుగులు. నెల్లూరు వైపు అదే మాటకు 72 చదరపు అడుగులు. 80 అంకణాలంటే ఇక్కడి లెక్కలో 320 గజాలు, అక్కడి లెక్కలో 640 గజాలు. నెల్లూరు నుంచి వచ్చిన ఒక కుటుంబం బయానా కూడా ఇచ్చేసి, కొలతకు నన్ను పిలిచిన రోజున స్థలం సగమే ఉందని లబోదిబోమన్నారు. అమ్మినవాడు అబద్ధం ఆడలేదు, కొన్నవాళ్ళు అడగలేదు. దస్తావేజులో చదరపు గజాలు రాయించుకోండి.

కాగితాల్లో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం) కనీసం ముప్పై ఏళ్ళకు తీయించండి, లింకు డాక్యుమెంట్లు, అంటే పాత అమ్మకాల దస్తావేజులు, తెగకుండా ఉన్నాయో లేదో చూడండి, సర్వే నంబరు రిజిస్ట్రేషన్లు చేయకూడని భూముల 22ఏ జాబితాలో లేదని సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో నిర్ధారించుకోండి. మామూలు ఊళ్ళలో ఇది లాంఛనం, తిరుపతి చుట్టుపక్కల మాత్రం ఇదే అసలు పరీక్ష. దేవస్థానం భూములు, మఠం భూములు, ఇనాములు, ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూములు ఇక్కడ ఒకదానిలోకి ఒకటి దూరి ఉంటాయి. అసైన్డ్ భూమి చేతులు మారకుండా 1977లో చట్టమే తెచ్చారు. ఎఫ్ఎంబీ స్కెచ్ (సర్వే నంబరు హద్దుల పటం) తీసుకుని వంక పోరంబోకు, అంటే వాగు పారే ప్రభుత్వ భూమి, ఎటు నుంచి పోతోందో వేలు పెట్టి చూపించమని అడగండి. విల్లాకైతే తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) ఆమోదించిన లేఅవుట్ ప్లాను, రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషను నంబరు రెండూ అడగాలి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో కట్టి అమ్మేవాళ్ళకు రెరా తప్పనిసరి. "ఆ నంబరు వస్తుంది మేడం, ప్రాసెస్‌లో ఉంది" అన్నారా, డబ్బు కూడా ప్రాసెస్‌లోనే ఉందని చెప్పండి.

జవాబు: మంగాపురం మలుపు

మేము 2021 మొదట్లో హైదరాబాదు నుంచి వచ్చి ఈ వైపు ఒక గేటెడ్ కాలనీలో విల్లా కొన్నాం. ఏ కాలనీ, ఎవరు కట్టారు అన్నది ఇక్కడ రాయను. పై పెద్దాయన వంక గురించి అన్న మాటే మా కథ.

మా బిల్డరు బ్రోచరులో ప్రహరీ పక్కన పచ్చటి పట్టీ ఒకటి గీసి, దానికి నడక దారి అని పేరు పెట్టాడు. కొనేటప్పుడు వేసవి కావడంతో అక్కడ ఎండిన తుమ్మచెట్లు, నాలుగు మేకలు తప్ప మరేమీ లేవు. అదే ఏడాది నవంబరులో, తిరుపతి వీధులన్నీ నీట మునిగిన ఆ వారంలో, ఆ నడక దారి తన అసలు పేరు చెప్పింది. రాత్రి రెండింటికి ప్రహరీ కింద నుంచి ఎర్ర నీళ్ళు బుగ్గలుగా పొంగుకొచ్చాయి, తెల్లారేసరికి కార్ల చక్రాలు సగం మునిగాయి. అటు స్వర్ణముఖి పొంగి తిరుచానూరు దగ్గర ఒడ్డునున్న ఇల్లు నదిలోకి ఒరిగిపోవడం మీరు టీవీలో చూసే ఉంటారు. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ళు ఖాళీ చేయించారు. తిరుమలకు నడిచి ఎక్కే శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని మళ్ళీ తెరిచేసరికి 2022 మే నెల వచ్చింది. మాకు పోయింది ఒక సోఫా, ఒక ఫ్రిజ్జు, బిల్డరు మీద నమ్మకం. స్వర్ణముఖి, కల్యాణి, భీమ మూడూ తొండవాడ దగ్గర కలుస్తాయని ఇక్కడి పిల్లలకు కూడా తెలుసు, మేమే పటం చూడకుండా కొన్నాం.

నీళ్ళ సంగతి అడిగారు. కల్యాణి డ్యామ్ మనకు కూతవేటు దూరంలోనే ఉన్నా, ఆ నీళ్ళు ప్రధానంగా తిరుపతి నగరానికి పోతాయి. కాలనీల్లో మాకు దిక్కు బోరే. మార్చి వరకు మోటరు నిండుగా పోస్తుంది, ఏప్రిల్ రెండో వారానికల్లా నలభై నిమిషాలు ఆడి గాలి పోస్తుంది, ఆ తరువాత ట్యాంకరే. నీళ్ళలో ఉప్పు ఎక్కువ. స్టీలు గిన్నె కడిగి బోర్లిస్తే ఆరేసరికి తెల్లటి చారలు మిగులుతాయి, గీజరు కాయిల్ రెండేళ్ళు నిలవదు. ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు గ్రానైటు కాదు, బాత్రూములో కుళాయి మూతి చూడండి. సున్నం ఎంత పేరుకుందో చూస్తే ఆ ఇంటి జాతకమంతా తెలుస్తుంది.

ఆసుపత్రికి మాత్రం భయపడనవసరం లేదు. రోడ్డు ఖాళీగా ఉంటే అర్ధరాత్రి అరగంటలోపు తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రి చేరవచ్చు. గుండెకు సంబంధించిన వైద్యానికి ఈ చుట్టుపక్కల జిల్లాలన్నీ అక్కడికే వస్తాయి. అయితే పగటిపూట, ముఖ్యంగా ముహూర్తాల రోజుల్లో, లెక్క వేరుగా ఉంటుంది. కల్యాణమయ్యాక శ్రీనివాసుడు, పద్మావతీ అమ్మవారు ఆరు నెలలు ఇక్కడే ఉన్నారని స్థలపురాణం కాబట్టి కొత్త జంటలందరూ మంగాపురం వస్తారు. శ్రావణం, మాఘం నెలల్లో మా మలుపు దగ్గర పూలదండలు కట్టిన కార్లే కార్లు. తెల్లవారుజామున మెట్టు దారికి వెళ్ళే భక్తుల ఆటోలు సరేసరి. వాటి మీద నాకు ఫిర్యాదు లేదు. గోవిందనామం వింటూ నిద్ర లేవడం హైదరాబాదులో అలారం విని లేవడం లాంటిది కాదు.

చివరగా ఒక మాట. మా కాలనీలో నలభై విల్లాలున్నాయి. మొన్న రాత్రి భోజనమయ్యాక నడుస్తూ లెక్కపెడితే పదిహేడింట్లో దీపాలు వెలుగుతున్నాయి. మిగతావి అమెరికాలో ఉన్నవారివి, లేదా పెట్టుబడికని కొని తాళం వేసినవారివి. డిసెంబరులో నెల రోజులు సందడిగా ఉంటుంది, ఆ తరువాత వాచ్‌మన్ కుటుంబమే మాకు ఇరుగుపొరుగు. మీ పాప ఈడు పిల్లలు ఎంతమంది ఉన్నారో, సాయంత్రం ఆరింటికి గేటు దగ్గర నిలబడి చూడండి. మామగారికి మాట్లాడే మనిషి కావాలంటే నేనైతే పాత ఊరే అంటాను.

జవాబు: కోట లోపలి వీధి

మేము తరతరాలుగా పాత చంద్రగిరి వాళ్ళం కాబట్టి ముందు మీ మధ్యవర్తి చరిత్ర సరిచేస్తాను. 1639 ఆగస్టులో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డేకు మద్రాసు తీరం రాసిచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు, ఆయన విజయనగర రాజుకు సామంతుడు. చంద్రగిరి పేరు ఆ కథలోకి వచ్చింది అప్పటి రాజు రాజధాని మూలంగా. 1645లో ఆ దానాన్ని స్థిరపరిచింది శ్రీరంగరాయలు. మహల్లో ఫలానా గదిలో సంతకమైందని చెప్పేవారంతా టికెట్టు కొన్నవారికి కథ చెప్పి సంతోషపెట్టేవారే. ఉన్న చరిత్ర చాలదా? పెనుకొండ తరువాత వెంకటపతిరాయలు 1592 ప్రాంతంలో రాజధానిని ఇక్కడికి తెచ్చాడు. అంతకు ముందు సాళువ నరసింహుడు ఇక్కడి నుంచే ఎదిగాడు, అచ్యుతరాయలు సింహాసనం ఎక్కక ముందు ఈ కోటలోనే బందీగా ఉన్నాడు. చిన్నప్పుడు మేము చూసిన వింత మాత్రం ఇది: రాజమహల్లో మూడంతస్తులూ రాయి, ఇటుక, సున్నంతోనే లేచాయి, ఎక్కడా కొయ్య దూలం లేదు. మే నెల మధ్యాహ్నం లోపలికి వెళ్ళి గోడకు చెంప ఆనిస్తే చల్లగా ఉంటుంది. మా వీధిలో ఏసీ కొన్న మొదటి ఇంటివాళ్ళను మా నాయన ఆ గోడ చూపించే ఎగతాళి చేసేవాడు.

సర్వేయరు గారు చెప్పిన చట్టాన్ని మేము బతుకుతున్నాం. మేము ముగ్గురు అన్నదమ్ములం, తాతల నాటి ఇల్లు ఒకటే. పైన ఒక గదికి రేకులు వేసుకుంటుంటే చేతికి నోటీసు వచ్చింది. దింపేశాం. తమ్ముళ్ళిద్దరూ తుమ్మలగుంట, పేరూరు వైపు అద్దె ఇళ్ళకు వెళ్ళిపోయారు. కోట నిలిచింది, మా ఉమ్మడి కాపురం నిలవలేదు. కోట మీద కోపమేమీ లేదు, అది లేకపోతే ఈ వీధుల్లో ఈపాటికి అయిదంతస్తుల లాడ్జీలు లేచేవి. కాకపోతే బయటివారు "అబ్బా, ఎంత అందమైన పాత ఊరు" అన్నప్పుడల్లా, ఆ అందానికి అద్దె కడుతున్నది ఎవరో ఒకసారి తలుచుకుంటే బాగుండుననిపిస్తుంది.

కొత్తవారిని కలుపుకుంటామా అని అడిగారు. కలుపుకుంటాం, మీరు వస్తే. ఆ మధ్య పక్క వీధిలో ఇల్లు కొన్న ఒకాయన మొదటి నెలలోనే మూలస్థాన ఎల్లమ్మ గుడి మైకు మీద ఫిర్యాదు పెట్టాడు. ఆ తరువాత ఆయన ఇంట్లో పైపు పగిలితే ప్లంబరు దొరకడానికి మూడు రోజులు పట్టింది. ఎవరూ కుట్ర పన్నలేదు, ఎవరికీ తీరిక దొరకలేదు, అంతే. మీ మామగారు సాయంత్రం కోదండరామస్వామి గుడి దాకా నాలుగు రోజులు నడిస్తే అయిదో రోజుకు అరుగు మీద ఆయనకు చోటు ఉంటుంది. ఊళ్ళో ఎండ బాగా ఎక్కువ, ఏప్రిల్, మే నెలల్లో పదింటి తరువాత ఆయనను బయటికి పంపకండి. కొండ అంచు ఇళ్ళ వైపు కోతులు, అప్పుడప్పుడు చిరుతలు, మామూలే. చీకటి పడ్డాక పెద్దవారిని, పిల్లలను అటు ఒంటరిగా వెళ్ళనివ్వకూడదు.

రైలు గురించి ఎవరూ రాయలేదు. చంద్రగిరి స్టేషను తిరుపతి–కాట్పాడి లైనులో ఉంది, వేలూరు సీఎంసీ ఆసుపత్రికి వెళ్ళే మా పెద్దవాళ్ళంతా కాట్పాడిలో దిగి ఆటో ఎక్కుతారు. 2025 ఏప్రిల్‌లో కేంద్రం ఈ 104 కిలోమీటర్ల దారిని 1,332 కోట్ల రూపాయలతో డబ్లింగ్ చేయడానికి, అంటే రెండో లైను వేయడానికి, ఆమోదించింది. ఆ వార్త పేపర్లో వచ్చిన మర్నాడే మా వీధిలో స్థలాల ధర పెరిగింది. పట్టాలు పడకముందే ధర ఎక్కిందన్నమాట. మీకు చెప్పిన రేటులో ఆ రైలు ఎంత ఉందో బేరంలో అడగండి.

కాణిపాకం దారి

ముగ్గురికీ నమస్కారాలు. మీ జవాబులు ఇంట్లో గట్టిగా చదివి వినిపించాను. శనివారం సర్వే నంబరు పట్టుకుని వెళ్ళి అడిగితే, కోట హద్దు పటం గురించి ఎత్తగానే మధ్యవర్తి ఫోను మాట్లాడుతూ బయటికి వెళ్ళాడు, తిరిగి రావడానికి గంట పట్టింది. వచ్చాక "పై అంతస్తు వద్దులెండి మేడం, రేటు తగ్గిస్తారు" అన్నాడు. మేమడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు గానీ, జవాబు అందులోనే ఉంది. ఆ ఇల్లు వదులుకున్నాం. విల్లాలో కుళాయి మూతి కూడా చూశాం, దాని గురించి చెప్పుకోకపోవడమే మంచిది.

మామగారు మాత్రం చంద్రగిరి తప్ప ఇంకో ఊరి పేరు ఎత్తనివ్వడం లేదు. అందుకని పాప చదువు కోసం జూన్‌లో వచ్చి ఒక ఏడాది అద్దెకు ఉందామనుకుంటున్నాం. ఒక నవంబరు, ఒక ఏప్రిల్ చూశాకే కొనే సంగతి ఆలోచిస్తాం. పాత ఊళ్ళో మెట్లు ఎక్కే పని లేని కింది వాటా ఏదైనా ఖాళీ అవుతుంటే చెప్పగలరా?

కోట లోపలి వీధి

మా పెద్ద తమ్ముడి వాటా ఖాళీగానే ఉంది. రెండు గదులు, వంటిల్లు, వెనక పెరట్లో బావి. మిద్దె ఎక్కితే మహలు కనిపించదు, ఎదురింటి వేపచెట్టు అడ్డం. ఏప్రిల్ చివరి ఆదివారం రండి, అప్పటికి నీళ్ళు బాగా తగ్గి ఉంటాయి. మోటరు ఆన్ చేసి మీ ఎదుటే ఎంతసేపు పోస్తుందో చూపిస్తాను. మామగారిని కూడా తీసుకురండి, అరుగు ఎత్తు ఆయనకు సరిపోతుందో లేదో చూసుకోవాలి.